థ్రిల్లర్ నవలను సొంతంగా ప్రచురించాలంటే ముందు పాఠకులను వెతకాలా, ముందు పుస్తకం వేయాలా?

ప్రశ్న (సామర్లకోట నుంచి)

అందరికీ నమస్కారం. నేను ఒక బ్యాంకులో ఉద్యోగం చేస్తూ, మూడేళ్లుగా రాత్రిపూట కూర్చుని ఒక థ్రిల్లర్ నవల పూర్తి చేశాను. సుమారు 62 వేల పదాలు వచ్చింది. కాకినాడ నుంచి బయలుదేరిన గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో, ఏసీ బోగీలో, ఒక ప్రయాణికుడు హత్యకు గురవుతాడు. అర్ధరాత్రి దాటిన తరువాత ఖమ్మం దగ్గర ఆ సంగతి బయటపడుతుంది. మా ఊరి మీదుగా రోజూ వెళ్లే రైలు కనుక ఆ దారి, ఆ స్టేషన్లు, ఆ వేళకు ప్లాట్‌ఫారం మీద ఉండే మనుషులు నాకు బాగా తెలుసు.

ముగ్గురు ప్రచురణకర్తలకు పంపాను. మొదటివారి నుంచి సమాధానం రాలేదు. రెండోవారు చదివారు, బాగుందన్నారు, అయితే కొత్త రచయిత థ్రిల్లరును ఇప్పుడు వేయలేమని మర్యాదగా చెప్పారు. మూడోవారు మాత్రం వెంటనే ఒప్పంద పత్రం పంపారు. అందులో ముద్రణ ఖర్చు మొత్తం నేనే భరించాలని, అచ్చయిన 500 ప్రతుల్లో 300 నేనే కొనుక్కోవాలని, ఆడియో, సినిమా, అనువాద హక్కులన్నీ వారికే చెందుతాయని రాసి ఉంది. సంతకం చేయలేదు. ఖర్చు ఎలాగూ నాదే అయినప్పుడు పుస్తకం కూడా నాదిగానే ఉండాలనిపించి, సొంతంగా వేసుకుందామన్న ఆలోచనకు వచ్చాను.

నా సందేహం ప్రధానంగా ఒక్కటే. ముందుగా ఆన్‌లైన్‌లో ధారావాహికగా ఇస్తే నలుగురికీ నా పేరు తెలుస్తుందని కొందరు అంటున్నారు. కానీ హంతకుడెవరో తెలిసిపోయిన తరువాత ఆ పుస్తకాన్ని ఎవరైనా ఎందుకు కొంటారు? ఈ దారిలో నడిచినవారు ఉంటే ఎన్ని ప్రతులు వేశారో, ఎలా అమ్మారో, ఎక్కడ పొరపాటు చేశారో దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం 1 (రెండో ముద్రణ)

నేను రెండు థ్రిల్లర్లు సొంతంగా వేసుకున్నాను. మొదటిదాంట్లో దెబ్బ తిన్నాను, రెండోది నిలబడింది. ఆ రెండింటికీ మధ్య తేడా రచనలో కంటే వాటిని పాఠకుల ముందుకు తెచ్చిన వరుసలోనే ఉందని నా నమ్మకం.

తెలుగులో ఈ రకమైన నవల పెరిగిందే వారపత్రికల్లో, మాసపత్రికల అనుబంధాల్లో, అద్దె పుస్తకాల దుకాణాల్లో. వారం వారం పత్రిక కోసం ఎదురుచూసిన పాఠకుడే ఆ తరువాత పుస్తకం కోసం దుకాణానికి వెళ్లాడు. రచయితకూ పాఠకుడికీ మధ్య ఆ వారపు ఒప్పందాన్ని పత్రిక నడిపేది. ఇప్పుడు అలాంటి సీరియళ్లకు చోటు బాగా తగ్గిపోయింది, అద్దె దుకాణాలు దాదాపు లేవు. అందువల్ల ఆ ఒప్పందాన్ని రచయితే స్వయంగా కుదుర్చుకోవాలి. మొదటి పుస్తకానికి నేను ఆ పని చేయలేదు. 1,000 ప్రతులు ఒకేసారి అచ్చు వేయించాను, ఆవిష్కరణ సభ పెట్టాను, వచ్చినవారికి గౌరవ ప్రతులు ఇచ్చాను. మిగిలిన కట్టలు రెండేళ్లపాటు మా మంచం కింద ఉన్నాయి.

రెండో నవలకు ప్రతి గురువారం రాత్రి 9 గంటలకు ఒక భాగం చొప్పున, 1,200 నుంచి 1,500 పదాలు, నా ఫేస్‌బుక్ పేజీలోనూ వాట్సాప్ సమూహంలోనూ ఇచ్చాను. మొదటి వారమే స్పష్టంగా రాశాను: పన్నెండు వారాలు ఇక్కడ, మిగతాది పుస్తకంలో. ఆ మాట ముందే చెప్పకపోతే పాఠకుడు మోసపోయానని అనుకుంటాడు, అనుకోవడంలో తప్పు కూడా లేదు. పన్నెండో భాగం వచ్చేసరికి క్రమం తప్పకుండా చదివేవారు నాలుగు వందల దాకా అయ్యారు, వారిలో 210 మంది అచ్చుకు ముందే డబ్బు పంపారు. అప్పుడు 500 ప్రతులు వేయించాను.

ధారావాహిక వల్ల నాకు జరిగిన అసలు మేలు అమ్మకం కాదు. ఆ నవలలో భార్య చెప్పే అబద్ధం ఒక పాల ప్యాకెట్ వల్ల బయటపడాలి. ప్యాకెట్ మీద ఆ రోజు తేదీ ఉందని, కాబట్టి ఆ తెల్లవారుజామున ఎవరో తలుపు తీసి దాన్ని లోపలికి తెచ్చారని నా ఇన్‌స్పెక్టర్ తేలుస్తాడు. తొమ్మిదో వారం నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు తమ ఇంటి ప్యాకెట్ ఫోటో పంపి, దాని మీద ఉన్నది ఏ తేదీలోపు వాడాలో చెప్పే తేదీయే తప్ప వచ్చిన తేదీ కాదని రాశారు. నా చిక్కుముడి అంతా ఆ ఒక్క వాక్యంతో విడిపోయింది. మూడు అధ్యాయాలు తిరగరాసి, ఆ తేదీని పాత్రే తప్పుగా చదివినట్టు మార్చాను. నవలలో అందరికీ నచ్చిన మలుపు ఇప్పుడు అదే. అచ్చయిన తరువాత ఆ ఉత్తరం వచ్చి ఉంటే నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

ధారావాహిక మొదలుపెట్టే ముందు వ్రాతప్రతిని ఐదుగురికి ఇవ్వండి. బాగుందా అని అడగవద్దు. హంతకుడెవరో ఏ పేజీలో అనుమానం వచ్చిందో ఆ పేజీ అంచున పెన్సిలుతో గీత పెట్టమనండి. ఐదు గీతలూ ఒకేచోట పడితే అక్కడ మీరు ఎక్కువ చెప్పేశారని అర్థం.

ముద్రణ విషయానికి వస్తే, డెమ్మీ 1/8 సైజులో 16 పేజీలు ఒక ఫారం. కాబట్టి పేజీల సంఖ్య 16తో భాగించబడేలా చూసుకోండి. 240 పేజీలైతే 15 ఫారాలు సరిగ్గా సరిపోతాయి. వంద, నూటయాభై ప్రతులకైతే డిజిటల్ ముద్రణే నయం, 500 దగ్గర ఆఫ్‌సెట్ లాభిస్తుంది. నాకు ఆఫ్‌సెట్‌లో, ముఖచిత్రం, బైండింగుతో కలిపి, ప్రతికి 95 రూపాయలు పడింది. వెల 250 పెట్టాను. పంపిణీదారు 40 శాతం తీసుకుంటే నాకు 150 వస్తుంది, ముద్రణ పోను 55 మిగులుతుంది. అదే పాఠకుడికి నేరుగా తపాలాలో పంపితే, ఖర్చులు పోను, దానికి దాదాపు రెట్టింపు మిగిలింది. అందుకే మొదటి రెండు వందల మంది పాఠకులను మీరే వెతుక్కోవాలని ఇంతగా చెబుతున్నాను.

డీటీపీ గురించి, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని గురించి, ఒక హెచ్చరిక. చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేస్తారు. పుస్తకం అందంగానే వస్తుంది, కానీ ఆ పాఠం యూనికోడ్, అంటే ఏ ఫోనులోనైనా కంప్యూటర్‌లోనైనా చదవగలిగే ప్రామాణిక లిపి రూపం, కాదు. ఈబుక్‌కో వెబ్‌కో దాన్ని వాడాలంటే మార్పిడి చేయాలి, మార్పిడిలో వత్తులు, పొల్లులు చెదిరిపోతాయి, మళ్లీ ప్రూఫులు చూడాలి. ప్రూఫుల దశలో చేసే ప్రతి దిద్దుబాటునూ మీ దగ్గరున్న యూనికోడ్ ప్రతిలో కూడా అదే రోజు చేయండి.

ఐఎస్‌బీఎన్ కోసం, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య కోసం, ఎవరికీ డబ్బు ఇవ్వవద్దు. రాజా రామ్మోహన్ రాయ్ పేరిట ఉన్న జాతీయ సంస్థ దాన్ని మన దేశంలో ఉచితంగా ఇస్తుంది, రచయిత సొంతంగా కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. అచ్చు పుస్తకానికి ఒకటి, ఈబుక్‌కు వేరొకటి తీసుకోవాలి. ఈబుక్ వేసే చోటు మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. 2016 డిసెంబరులో కిండిల్ భారతీయ భాషలకు ద్వారం తెరిచినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి గానీ తెలుగు లేదు. ఆ జాబితా ఇప్పుడెలా ఉందో స్వయంగా చూసుకున్న తరువాతే నిర్ణయించుకోండి. ధారావాహికకు ప్రతిలిపి వంటి వేదికలు ఉన్నాయి, అక్కడ కూడా హక్కుల నిబంధనలు చదివి చేరండి.

చివరగా, మన దగ్గర ఉన్న రెండు మంచి అలవాట్లు థ్రిల్లరుకు హాని చేస్తాయి. ఒకటి ముందుమాటలు. నవలను మెచ్చుకోవాలన్న తాపత్రయంలో ముందుమాట రాసే పెద్దలు కథ మొత్తం చెప్పేస్తారు. రెండోది ఆవిష్కరణ సభ. నా మొదటి సభలో ఒక వక్త ఎంతో ఆత్మీయంగా, ఇరవై నిమిషాలపాటు, హంతకుడు ఎందుకు హత్య చేశాడో విశ్లేషించారు. అది విన్న తరువాత సభలో ఉన్నవారికి నవల చదవాల్సిన అవసరం కనిపించలేదు, వారి తప్పు కాదది. రెండోసారి ముందుమాటలను పుస్తకం చివర వేశాను, వక్తలకు మొదటి ఐదు అధ్యాయాలు మాత్రమే ఇచ్చి, వాటి మీదే మాట్లాడమని కోరాను. ఎవరూ నొచ్చుకోలేదు.

సమాధానం 2 (ఖమ్మం వకీలు)

నమస్కారమండీ. హత్య ఖమ్మం దగ్గర బయటపడిందన్నారు కనుక రాయకుండా ఉండలేకపోయాను. అచ్చుకు వెళ్లేముందు చట్టానికి సంబంధించిన కొన్ని విషయాలు సరిచూసుకోండి, ఎందుకంటే థ్రిల్లర్ పాఠకుడు ప్రేమకథలో తప్పును క్షమించినంత తేలికగా దర్యాప్తులో తప్పును క్షమించడు.

మీ కథ ఏ సంవత్సరంలో జరుగుతోంది? 2024 జూలై 1 నుంచి జరిగిన హత్యకు పాత శిక్షాస్మృతిలోని 302 సెక్షన్ ఉండదు, భారతీయ న్యాయ సంహితలోని 103 వస్తుంది. అంతకు ముందు జరిగిన నేరమైతే, కేసు ఇప్పుడు నమోదైనా పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. అనుమానాస్పద మృతికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 174 స్థానంలో నాగరిక్ సురక్షా సంహితలోని 194 వచ్చింది. స్టేషన్లలో మాటవరసకు పాత అంకెలు ఇంకా వినిపిస్తాయి. కాబట్టి ఒక పాత హెడ్ కానిస్టేబుల్ నోట 302 అనిపించవచ్చు, ఎఫ్‌ఐఆర్‌లో మాత్రం అలా రాయించకూడదు.

రైల్లో శవం దొరికితే దర్యాప్తు రాష్ట్రం కింద ఉండే రైల్వే పోలీసులది, అంటే జీఆర్‌పీది. స్టేషన్లలో కనిపించే ఆర్‌పీఎఫ్ కేంద్రం కింద ఉండే వేరే దళం, హత్య కేసు దర్యాప్తు వారు చేయరు. ఈ రెంటినీ ఒకటిగా రాసిన కథలు నేను చాలా చదివాను. ఇక మీ రైలు కొండపల్లి దాటి ఎర్రుపాలెం చేరేసరికి రాష్ట్రం మారిపోతుంది. హత్య రాజమండ్రికీ విజయవాడకూ మధ్య జరిగి, శవం ఖమ్మంలో బయటపడితే, పరిధి మాది కాదని చెప్పి ఫిర్యాదును తిప్పి పంపే వీలు లేదు, జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధితో సంబంధం లేకుండా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్, రాసి తరువాత బదిలీ చేయాలి. పైగా ప్రయాణంలో జరిగిన నేరాన్ని ఆ ప్రయాణం సాగిన దారిలో ఉన్న కోర్టులు విచారించవచ్చన్న నిబంధన కూడా ఉంది. రెండు రాష్ట్రాల పోలీసుల మధ్య కేసు ఎవరిదన్న పట్టుదల మీ నవలకు మీరు వెతకకుండానే దొరికిన వస్తువు. దాన్ని ఒక పేరాలో దాటేసి ఉంటే వెనక్కి వెళ్లి విస్తరించండి.

ఏసీ బోగీ అన్నారు. మరణించిన రెండు మూడు గంటల్లో కనురెప్పలు, దవడ దగ్గర నుంచి శరీరం బిగుసుకోవడం మొదలవుతుంది, వేసవిలో తొందరగా వచ్చి తొందరగా పోతుంది, చల్లని చోట ఆలస్యమవుతుంది. మీ డాక్టరు మరణ సమయాన్ని నిమిషాలతో సహా చెబితే నమ్మశక్యంగా ఉండదు, కొన్ని గంటల వ్యవధిగానే చెప్పించండి. ఆ వ్యవధిలో రైలు ఏయే స్టేషన్లలో ఆగిందో లెక్క వేయడం మీ ఇన్‌స్పెక్టర్ పని అవుతుంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి రావాలని కొత్త చట్టం చెబుతోంది, రాష్ట్రాలు దీన్ని దశలవారీగా అమలు చేసుకునే వెసులుబాటు కూడా ఇచ్చింది. మన దగ్గర అందరూ వాడే మాట క్లూస్ టీమ్, అదే వాడండి.

ఇక ఒప్పందం. మీరు సంతకం చేయకపోవడం మంచిదైంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లుగా, ఎక్కడికో రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వినియోగించకపోతే, పత్రంలో వేరుగా రాసి ఉంటే తప్ప, అది రద్దయినట్టే. ఈ రక్షణలు పత్రం మౌనంగా ఉన్నప్పుడే పనికొస్తాయి. శాశ్వతంగా, ప్రపంచమంతటా అని రాసిన చోట సంతకం పెడితే ఇవేవీ మిమ్మల్ని ఆదుకోవు. ఆడియోకు, అనువాదానికి, చలనచిత్రానికి విడివిడిగా, ఒక్కోదానికి కాలపరిమితితో మాత్రమే ఇవ్వండి. ప్రచురణకర్త మీరే అయినప్పుడు ఒక బాధ్యత కూడా ఉంటుంది. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, నిర్దేశించిన మరో మూడు గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి మీ ఖర్చుతో పంపాలి.

సమాధానం 3 (అద్దె పుస్తకాల పాఠకురాలు)

నేను రచయిత్రిని కాను. చిన్నప్పుడు మా వీధి చివర దుకాణంలో రోజుకు పావలా అద్దె ఇచ్చి నవలలు తెచ్చుకుని, మర్నాడు తిరిగి ఇచ్చేలోపు మా అమ్మ, పిన్ని, నేను వంతులవారీగా చదివినవాళ్లం. రెండో ముద్రణ గారి మాటల్లో చాలావాటితో ఏకీభవిస్తాను గానీ, పన్నెండు వారాలు చదివించి మిగతాది కొనుక్కోమనడం నాకు నచ్చదు. ముందే చెప్పినా సరే, పన్నెండో వారం నాకు కలిగేది ఆసక్తి కాదు, చికాకు. అలా ఆగిపోయిన మూడు ధారావాహికలను నేను వదిలేశాను, ఆ పుస్తకాలు కొనలేదు.

సామర్లకోట రచయిత గారూ, మీ ఇన్‌స్పెక్టరుతోనే ఒక చిన్న కేసు, ఆరేడు వారాల్లో ముగిసేది, మొదలు నుంచి చివరి దాకా ఉచితంగా ఇవ్వండి. ముగింపు న్యాయంగా ఉంటే, ఆ మనిషి మీద నమ్మకం కుదిరితే, అతని తరువాతి కేసు కోసం నేను డబ్బు పెడతాను. పూర్వం మేము దుకాణంలో అడిగింది నవల పేరు కాదు, డిటెక్టివ్ పేరు. మరో మాట. విజయవాడలో జనవరిలోనూ హైదరాబాదులో డిసెంబరులోనూ జరిగే పుస్తక ప్రదర్శనల్లో ఎవరి స్టాలులోనైనా మీ పుస్తకం పెట్టించి, వీలైనన్ని సాయంత్రాలు అక్కడే నిలబడండి. నేను వెనక అట్ట చదివి కొంటాను. ఆ అట్ట మీద మీ ఉద్యోగం, బిరుదులు కాకుండా, రైలు కదిలిన తరువాత ఏం జరిగిందో నాలుగు వాక్యాలు ఉండాలి.

ప్రశ్న అడిగినవారి స్పందన (సామర్లకోట నుంచి)

ముగ్గురికీ కృతజ్ఞతలు. వకీలు గారూ, మీ సమాధానం చదివి వ్రాతప్రతి తీశాను. 41వ పేజీలో ఖమ్మం టౌన్ ఇన్‌స్పెక్టర్ నేరుగా బోగీలోకి ఎక్కి దర్యాప్తు మొదలుపెడతాడు. అది తప్పు కనుక ఆ పాత్రను జీఆర్‌పీకి మార్చుతున్నాను. దాంతో నవలలో అతని అధికారం, అతనికి ఉన్న ఇబ్బందులు, అతను ఎవరికి ఫోన్ చేయాలన్నది అన్నీ మారుతున్నాయి. రెండు రాష్ట్రాల మధ్య పరిధి సమస్యను నేను నిజంగానే ఒక పేరాలో ముగించాను. ఇప్పుడది కనీసం రెండు అధ్యాయాలు కావాలి.

ధారావాహిక గురించి అద్దె పుస్తకాల పాఠకురాలు గారు చెప్పిన పద్ధతే నా మనసుకు దగ్గరగా ఉంది. ఇదే అధికారి కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, సామర్లకోట జంక్షన్‌లో దిక్కులేకుండా దొరికిన ఒక ట్రంకుపెట్టె కథ నా దగ్గర సగం రాసి ఉంది. దాన్ని ఏడు భాగాలుగా పూర్తి చేసి ఇస్తాను. రెండో ముద్రణ గారూ, ఏడు వారాలు పుస్తకం మీద ముందస్తు చెల్లింపులు అడగడానికి సరిపోతాయంటారా?

సమాధానం 1 మళ్లీ (రెండో ముద్రణ)

పాఠకురాలు గారి అభ్యంతరం సరైనదే. నాకు డబ్బు పంపినవారిని లెక్కపెట్టాను గానీ, పన్నెండో వారం తరువాత నన్ను వదిలేసినవారి గురించి ఆలోచించలేదు. ఏడు వారాలు తక్కువే, అయినా మొదటి ఆరు వారాలు డబ్బు మాట ఎత్తవద్దు. ఏడో భాగం ముగిసిన రాత్రి, దాని కిందే నవల మొదటి అధ్యాయం పూర్తిగా పెట్టి, ముందస్తుగా పంపదలచినవారికి ఎంత, ఎప్పటిలోగా, పుస్తకం ఎప్పుడు చేరుతుందన్నది రాయండి. ఆ చివరి తేదీని మీరు ఊహించినదానికి నెల రోజులు కలిపి చెప్పండి, బైండింగు దగ్గర ఎప్పుడూ ఆలస్యమవుతుంది. 150 మంది దాటితే 500 వేయండి, దాటకపోతే డిజిటల్‌లో 200 చాలు. రెండో విడత ఎప్పుడైనా వేసుకోవచ్చు. ట్రంకుపెట్టె కథ ఏ వారం మొదలుపెడుతున్నారో ఇక్కడ చెప్పండి, మా సమూహంలో ఉన్నవారికి నేను తెలియజేస్తాను.